గొడ్డుకారంలో రెండో ‘ఏ’

నా చెల్లెలి చిటికెనవేలు తలుపు సందులో పడి విరిగింది. గాలికి తలుపు కొట్టుకుందని అది డాక్టరుకు చెప్పింది. బుకిట్ పంజాంగ్‌లో వాళ్ళ ఫ్లాటు బాగా పైఅంతస్తులో ఉంటుంది, గాలి కూడా గట్టిగానే వీస్తుంది కాబట్టి డాక్టరు నమ్మాడు. నేను నమ్మలేదు. తలుపు వేసింది దాని మొగుడు. వేలు అక్కడ ఉందని చూసి మరీ వేశాడు.

ఆ సాయంత్రమే కూతుర్ని వెంటబెట్టుకుని టాంపినీస్‌లో మా ఇంటికొచ్చింది. బట్టలు తెచ్చుకోలేదు. మార్కెట్టుకు తీసుకెళ్ళే చక్రాల సంచిలో రాతిరోలు పెట్టుకుని, రైలు ఆ కొసనుంచి ఈ కొసదాకా దాన్ని ఎడమచేత్తో లాక్కుంటూ వచ్చింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ కలిపి కట్టు కట్టి ఉన్నాయి. తలుపు తీసి దాన్నీ, ఆ కట్టునూ, ఆ రోలునూ చూశాక నేను ఏం జరిగిందని అడగలేదు. చెప్పులేసుకున్నాను. వంటింట్లోంచి అప్పడాల కర్ర తీసుకున్నాను.

అది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఎక్కడికక్కా?”

“నీ మొగుడి దగ్గరికి.”

“నువ్వు కొడితే నిన్నే లోపలేస్తారు. ఇది మన గుంటూరు కాదు, ఇక్కడ ముందు చెయ్యెవరు ఎత్తారనే అడుగుతారు. కర్ర లోపల పెట్టు.”

నాకు చిన్నప్పటినుంచీ చెయ్యీ నోరూ ఒకేసారి లేస్తాయి. బళ్ళో నన్ను వెక్కిరించినవాడి చెవి కొరికాను. కట్టుకున్నవాడితో పొసగకపోతే, అతను సామాను సర్దుకునేదాకా ఆగకుండా పెట్టె నేనే లిఫ్టులోకి విసిరాను. బ్యాంకులో మీటింగు మధ్యలో బల్ల గుద్దితే మా మేనేజరు కాఫీ కప్పు అతని ఒళ్ళో పడింది. వీటిలో దేనికీ నేనిప్పుడు బాధపడటం లేదు. ఆ రోజు కర్ర లోపల పెట్టినందుకు మాత్రం రాత్రంతా నా ఒళ్ళు మండుతూనే ఉంది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని, “పేరు ఆయన దగ్గరే ఉందక్కా” అంది. వేలు నొప్పి గురించి ఒక్క మాటా అనలేదు.

ఆ పేరు గొడ్డుకారం. పప్పులూ పొడులూ ఏమీ కలపకుండా ఎండుమిరపకాయలూ ఉప్పూ వెల్లుల్లీ వేసి దంచిన వట్టి కారాన్ని మావైపు అలా అంటారు. ఇంట్లో కూరకు గతిలేని రోజుల్లో అమ్మ మాకు అన్నంలో అదే కలిపి పెట్టేది, పైన ఇంత నూనె చుక్క వేసి. ఇక్కడికొచ్చి కూతురు పుట్టాక నా చెల్లెలు ఇంట్లోనే కారాలు దంచి అమ్మడం మొదలుపెట్టింది. దానికి ఇంకే పేరూ నచ్చలేదు. “గొడ్డుకారం అంటే ఎవరైనా కొంటారా? పేదతనం అమ్ముతున్నట్టుంటది” అని దాని మొగుడు నవ్వాడు. అయినా ఇంటర్నెట్‌లో సైటుకు ఆ పేరు తీసిపెట్టింది అతనే. అలాంటి పనులు దానికి చేతకావని అతని నమ్మకం. నన్ను అడగొచ్చుగా అంటే, ఇంటి సంగతి బయటికెందుకన్నాడట.

తీసిపెట్టాడు కానీ ‘కా’కు ఒకటే ‘ఏ’ వేసి తీశాడు. చెల్లెలు అది చూసి గోల పెట్టింది. “ఇందులో కారం ఎక్కడుంది? కరం ఉంది. గొడ్డు కరం. గొడ్డు చెయ్యి! ఎవరన్నా చదివితే నవ్విపోరూ?” ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే వచ్చే తంటా ఇదే, దీర్ఘం పోతే అర్థం పోతుంది. “చదివేవాళ్ళకి తెలీదా ఏంటి, దానికింత రాద్ధాంతమా” అని విసుక్కుంటూ రెండు ‘ఏ’లున్న పేరు కూడా తన ఖాతాలోనే తీసి దాని మొహాన కొట్టాడు. అప్పటినుంచీ సైటూ, ఆర్డర్లొచ్చే మెయిలూ, డబ్బాల మీది లేబులూ అన్నీ రెండు ‘ఏ’లతోనే నడిచాయి. ఒక ‘ఏ’ది ఊరికే పడి ఉండేది. తెలుగు రానివాళ్ళు మొదటి మూడక్షరాలు చూసి గాడ్ ఏంటి, దేవుడి ప్రసాదమా అని అడిగేవాళ్ళు. చెల్లెలు అవునని చెప్పి ఇంకో డబ్బా అంటగట్టేది.

ఆ పేరే దానికి అన్నీ. జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసుల వాళ్ళు, షిప్‌యార్డుల్లో పనిచేసే మన కుర్రాళ్ళు, ఇటు మా టాంపినీస్ ఆంటీలు, అందరూ ఆ సైటులోనే ఆర్డరు పెట్టేవాళ్ళు. మొగుడు సంపాదించే ఇంట్లో అది తన పేరుతో సంపాదించుకున్నది అదొక్కటే. అది బాగా నడవడం మొదలైన ఏడే అతను చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. ముందు చెంప మీద, తర్వాత వీపు మీద. ఒకసారి గొడ్డును బాదినట్టు బెల్టుతో బాదాడు, నాకది ఆలస్యంగా తెలిసింది. ఆ రోజే తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో ఇక్కడ రాయను.

అది ఇల్లు దాటి వచ్చేశాక అతను చేసింది ఏమిటంటే, పేరుకు గడువు తీరుతుంటే రెన్యూ చేయకుండా ఊరుకున్నాడు. సైటు ఆగిపోయింది. మెయిల్ ఆగిపోయింది. ఆర్డర్లు పెట్టినవాళ్ళు ఫోన్లు చేసి తిట్టడం మొదలుపెట్టారు. చెల్లెలికి అతను ఒక్క మెసేజ్ పెట్టాడు: ఇంటికి రా, తిరిగి తెరుస్తా.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. నేను చచ్చిన పేర్లు పట్టుకుంటాను. ఇంటర్నెట్‌లో ఎవరి పేరైనా ఎప్పటికప్పుడు రెన్యూ చేయించుకుంటేనే వాళ్ళది. మర్చిపోతేనో, వ్యాపారం మూతపడితేనో, మనిషే పోతేనో గడువు తీరిపోతుంది. అయితే వెంటనే చేజారదు. కొన్ని వారాలు పాత యజమానికి మాత్రమే దాన్ని తిరిగి దక్కించుకునే అవకాశం ఉంటుంది. అదీ దాటితే తాళం పడుతుంది, ఇక యజమాని కూడా ముట్టుకోలేడు. ఆ తాళం కొద్దిరోజులే. తర్వాత పేరు బజార్న పడుతుంది, ఎవరి యంత్రం ముందు అడిగితే వాళ్ళది. మా వాళ్ళు దాన్ని డ్రాప్ అంటారు, నేను రాలడం అంటాను.

బయటినుంచి చూస్తే భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన కాఫీ కప్పు. లోపల జరిగేది కొట్లాటే. ఎక్కడెక్కడివాళ్ళమో ఒక్క పేరు మీద ఒకేసారి పడతాం, కరుచుకుంటాం, దక్కకపోతే మొహం తెలియనివాణ్ణి బూతులు తిడతాం. పేరు పోగొట్టుకున్న మనిషి ఎక్కడ ఏడుస్తున్నాడో చూడం. కొన్ని అమ్ముతాం, కొన్ని దాచుకుంటాం. బ్యాంకులో నా కోపానికి చోటు లేదు, ఈ పనిలో దానికి గిరాకీ ఉంది. అందుకే ఉద్యోగం మానేసి ఇందులో పడ్డాను.

కాబట్టి చెల్లెలికి అతను పెట్టిన మెసేజ్ చూసి నేను నవ్వాను. “వెళ్ళకు. రాలనీ. నేను పట్టుకుంటా” అన్నాను.

“ఈలోపు ఆయన రెన్యూ చేసేస్తే?”

“చేస్తే చేస్తాడు.”

“చేసి ఎప్పటికీ తెరవకపోతే? అక్కా, ఆయన పంతం నీకు తెలీదు. నేను వెళ్తేనే అది బతుకుద్ది.”

నాకు భయం వేసింది అక్కడే. పేరు పోతుందని కాదు. పేరు కోసం ఇది వెళ్ళిపోతుందని. ఈసారి వేలు దగ్గర ఆగడు. ఇది వెళ్ళడానికి ఒక సాకు కావాలి, ఆ సాకు అతని చేతిలో ఉంది. రోజూ పొద్దున్నే నేను ఆ రెండు పేర్ల పరిస్థితి చూసుకునేదాన్ని, అవి ఎవరి అధీనంలో ఏ దశలో ఉన్నాయో ఎవరైనా చూడొచ్చు. రోజూ సాయంత్రం చెల్లెలు బాల్కనీలో నిలబడి అతనితో ఫోన్లో మెల్లగా మాట్లాడేది. అబద్ధం ఆడటం దానికి రాదు. అక్క కాచుక్కూర్చుందని కూడా దాని నోటినుంచే అతనికి తెలిసింది.

తెలిసిన రెండు మూడు రోజులకే వచ్చాడు. స్కూలు సెలవులు కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంది. చెల్లెలు వంటింటి నేల మీద రోలు ముందు కూర్చుని కొన్ని మిరపకాయలు ఎడమచేత్తో దంచుతోంది, ఫోన్లో తిట్టినవాళ్ళలో కొందరికైనా పంపించాలని. అతని చేతిలో కూతురికి ప్రాటా, అంటే ఇక్కడి పరోటా, పొట్లం, తలకు తడి దువ్వు, ఇస్త్రీ చొక్కా. గేటు బయట నిలబడి “వదినగారూ, బాగున్నారా?” అన్నాడు. నన్నెప్పుడూ గారు లేకుండా పిలవడు.

పిల్లే గేటు తీసింది. లోపలికొచ్చి చెప్పులు వరసగా విడిచి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“పేరు పట్టుకోవడానికి కాచుక్కూర్చున్నారంటగా వదినగారూ. పాపం, మీ టైము వేస్టయింది. ఇందాకే రెన్యూ చేసేశా. ఇక గాలి పట్టుకోండి.” ఫోను నా మొహం ముందు పెట్టాడు.

చూశాను. జీ, ఓ, డీ, డీ, యూ, కే, ఏ, ఆర్. అక్కడ ఆగి మళ్ళీ మొదటినుంచి చదివాను. ‘కే’ తర్వాత ఒకటే ‘ఏ’.

ఊరికే పడి ఉన్న పేరును బతికించుకుని వచ్చాడు. నా చెల్లెలు అన్నేళ్ళు బతుకు పెట్టిన పేరును, రెండు ‘ఏ’లదాన్ని, వదిలేశాడు. అది ఇంకా గాల్లోనే ఉంది. తాళం పడటానికి ఇంకా కొద్దిరోజులు గడువుంది. ఇప్పుడు ఎవరైనా ఒక్క మాట అంటే, ఇక్కడే నిలబడి ఫోన్లో దాన్నీ దక్కించుకోగలడు. అతను ఒకటి చూసి ఇంకొకటి చూడకపోవడానికి కారణం ఒకటే. తన భార్య అంగడి పేరు ఎలా రాస్తారో అతనికి తెలియదు.

నా గొంతుదాకా వచ్చింది. ఒరే తెలివితక్కువ వెధవా, అని మొదలైంది లోపల. పళ్ళ మధ్య నాలుక పెట్టి కొరికాను.

చెల్లెలు లేచింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “నిజంగా చేశారా?” అంది.

“నీకోసమే. నువ్వు రా, ఇవాళే తెరుస్తా. రాకపోతే అలాగే పడి ఉంటది. పేరు నేను పెట్టా, నేనే తుంచేస్తా. అక్షరం అక్షరం నాది.”

అక్షరం అక్షరం! నాలుక మీద ఉప్పగా తగిలింది, రక్తం. ఇంకొక్క మాట అతను అని ఉంటే నేను అరిచేసేదాన్ని.

“వస్తాను” అంది నా చెల్లెలు. అని, చక్రాల సంచి కోసం చూసింది.

అది వెళ్ళకుండా ఆపాలంటే నిజం చెప్పాలి. అతని ముందు నిజం చెబితే పేరు పోతుంది. పక్కకు పిలిచి చెబితే, అది అతని మొహం చూసి అబద్ధం ఆడలేదు. నోరు విప్పకుండా దాన్ని ఆపే దారి నాకు ఒక్కటే కనిపించింది. నోరు మూసుకోవాలంటే నాకు చేతులైనా తెరవాలిగా.

రోలు దగ్గరే ఉన్నాను. అప్పుడే దంచిన కారం, ఎర్రగా పచ్చిగా ఘాటు కొడుతోంది. పిడికెడు తీసి అతని కళ్ళలో కొట్టాలని వంగాను. చెల్లెలు నా ఉద్దేశం కనిపెట్టి ఒక్క దూకు దూకింది, రోలు మీద రెండు చేతులూ పరిచి బోర్లా పడింది. “అక్కా, ఆర్డరు అది!”

ఇంత జరుగుతున్నా దానికి ఆర్డరే గుర్తొచ్చింది. ఆ క్షణంలో కూడా నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. గోడకు ఆనించిన అప్పడాల కర్ర అందుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది కళ్ళజోడు మీద. కళ్ళజోడు ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. ప్రాటా పొట్లం చిట్లి కూర రసం గోడంతా చిందింది. ఎంత హాయిగా ఉండిందో చెబితే మంచి మాట కాదు, కానీ హాయిగానే ఉండింది. వేలు విరిగిన రోజునుంచీ ఆ కర్ర నా అరచేతిలో దురద పెడుతూనే ఉంది.

తర్వాత అతను నా జుట్టు పట్టుకున్నాడు.

మగవాడి బలం ముందు అప్పడాల కర్ర ఎంతసేపు? ఈడ్చుకుంటూ బయటి గుమ్మం దాకా తీసుకెళ్ళి, నా తలను ఇనుప గేటుకేసి కొట్టాడు. “వదినగారూ, పెద్దవారని ఊరుకుంటున్నా” అన్నాడు, ఇంకోసారి కొట్టాడు. కనుబొమ చిట్లి కంట్లోకి రక్తం కారింది. ఎర్రగా తప్ప ఏమీ కనపడలేదు. దొరికిన చెయ్యి కొరికాను. అతను అరిచాడు, నేను వదల్లేదు. “డాడీ, స్టాప్ ఇట్ లా! పెద్దమ్మా, స్టాప్! బోత్ ఆఫ్ యూ స్టాప్!” అని పిల్ల సోఫా వెనకనుంచి ఏడుస్తోంది. ఎదురింటి మలయ్ ఆవిడ, మేం మాక్‌చిక్, అంటే ఆంటీ, అని పిలుస్తాం, బట్టలారేసే వెదురు గడ పట్టుకొచ్చి గేటు సందులోంచి అతని పొట్టలో పొడిచింది.

“హోయ్! ఐ ఆల్రెడీ కాల్ పోలీస్, ఆహ్!”

ఆ మాటకు అతని చెయ్యి జారింది. చొక్కా సర్దుకుని, కళ్ళజోడు లేకుండానే, చెప్పులు మాత్రం వెతుక్కుని వేసుకున్నాడు. లిఫ్టు వచ్చేలోపు పోలీసులే వచ్చారు. అందరి మాటా విన్నారు. ముందు కొట్టింది నేనే అని నేనే చెప్పాను. నన్ను గట్టిగా హెచ్చరించారు. అతన్ని మా ఇంటి ఛాయలకు రావద్దన్నారు. ఒక పోలీసు చెల్లెలి కట్టు చూసి, ఆ చేతికేమైందమ్మా అని ఇంగ్లీషులో అడిగాడు. “గాలికి తలుపు పడింది” అంది అది, నేలచూపులు చూస్తూ.

కుట్లు వేయించుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లో గోడ కడిగి ఉంది. చెల్లెలు అన్నం పెట్టింది, పెట్టి అటు తిరిగి నిలబడింది. నేను తినేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టింది.

“ఇస్తానన్నాడు. తన నోటితో తనే ఇస్తానన్నాడు. నీ కోపం చల్లార్చుకోవడానికి నా నోటికాడ కూడు తీసేశావ్. నీకేంటి, నువ్వు ఒంటిదానివి. కొట్టుకుంటావ్, కుట్లేయించుకుంటావ్. మరి నేను?”

ఏ మాటకైనా రెండు మాటలు అప్పజెప్పే నేను, ఆ రోజు కంచంలోకి చూస్తూ ఊరుకున్నాను. నాలుక వాచి ఉండటం కాస్త పనికొచ్చింది. దానికి చెప్పి ఉండొచ్చు. కానీ అదే సాయంత్రం అతని ఫోను వచ్చింది, ఇది బాల్కనీలోకి వెళ్ళింది. చెప్పకపోవడమే మేలు చేసిందని ఆ గొంతు విన్నాక తెలిసింది. “అక్కది కోపమండీ, ఏమీ అనుకోకండి. కుట్లు విప్పాక వచ్చేస్తా” అంటోంది, తలను గేటుకేసి కొట్టించుకున్నది నేనైతే అతన్ని ఓదారుస్తూ.

ఆ రోజుల్లో మా ఇంట్లో చెంచా కింద పడ్డా ఉలిక్కిపడేవాళ్ళం. పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. ఓసారి మంచినీళ్ళకొచ్చి నా కుట్ల వంక చూసి, “పెద్దమ్మా, యూ స్టార్టెడ్ ఇట్, యూ నో” అంది. నాకు తెలుసన్నాను. రోజూ పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వెళ్ళి రెండు ‘ఏ’ల పేరు చూసేదాన్ని. యజమానికి ఇంకా అవకాశం ఉంది. మర్నాడూ ఉంది. అటు చూస్తే చెల్లెలు కాసిని కాసినిగా సర్దుతోంది. ముందు పిల్ల పుస్తకాలు, తర్వాత మందులు. రోలు ఒక్కటే ఇంకా నేల మీద ఉంది.

కుట్లు విప్పించుకున్న రోజు పొద్దున చూస్తే తాళం పడింది. ఇక అతను చచ్చినా దాన్ని ముట్టుకోలేడు. గదిలో ఒక్కదాన్నే కూర్చుని, చప్పుడు బయటికి రాకుండా నోటికి దిండు అడ్డం పెట్టుకుని, అతన్ని నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. చెల్లెలితో మాత్రం అప్పుడూ చెప్పలేదు. రాలిన తర్వాత అది ఎవరికైనా దక్కొచ్చు. దేవుడి పేరుతో మొదలయ్యే ఏ పేరునైనా అర్థం చూడకుండా ఎత్తుకుపోయే యంత్రాలు కొన్ని ఉన్నాయి, నాకు వాటితో పాత కక్షలున్నాయి. అతనికి తెలిస్తే అతనూ ఎవరినైనా నా మీదికి కుదర్చొచ్చు. రాలగానే నాకే పట్టిపెట్టమని తెలిసిన ప్రతి చోటా ముందే చెప్పి పెట్టాను. చెల్లెల్ని మాత్రం కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను, ఈ వారం ఆగమని. మొగుడిముందు కూడా నేనెప్పుడూ అలా బతిమాలలేదు. ఎందుకో చెప్పమంది. చెప్పలేదు. శనివారం దాకా, అంతకన్నా ఒక్క పూట కూడా ఆగనంది.

శనివారం పొద్దున లేచేసరికి పేరు నా ఖాతాలో ఉంది.

హాల్లోకి వచ్చాను. చెల్లెలు తయారై కూర్చుంది. చక్రాల సంచిలో రోలు, సంచికి పైన కట్టిన తాడు. పిల్ల బూట్లేసుకుంటోంది. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి దాని ఒళ్ళో పెట్టాను.

“ఏంటిది?”

“చదువు.”

చదివింది. కట్టు కట్టిన వేళ్ళు ఎత్తిపట్టి, చూపుడువేలు ఒక్కో అక్షరం మీద పెట్టుకుంటూ చదివింది. “ఇది నా పేరేగా. నీ దగ్గరికెలా వచ్చింది? ఆయన రెన్యూ చేశానన్నాడుగా.”

“చేశాడు. ఒక ‘ఏ’ది.”

దానికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. మూడోసారి చెప్పాల్సి రాలేదు. పిల్ల బూటు తాడు పట్టుకుని అలాగే ఆగిపోయింది. చెల్లెలు గంతులేస్తుందనుకున్నాను. నన్ను వాటేసుకుంటుందనీ, నోరు మూసుకుని అన్ని తిట్లు తిన్నందుకు నాలుగు మంచి మాటలు చెబుతుందనీ, నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను. అది ఏడ్చింది. వేలు విరిగిన రోజున ఏడవనిది, బెల్టు దెబ్బలప్పుడు నాకు తెలియనివ్వనిది, రోలు సంచి కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“ప్రతి వారం డబ్బాలన్నీ కారు దాకా ఆయనే మోసేవాడక్కా” అంది. “ప్రతి డబ్బా మీదా ఉందిగా. ఎర్రటి అక్షరాలు, ఇంతలావు. గుండెకానించుకుని మోసేవాడు. ఒక్కసారి కూడా చూడలేదా?”

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“వేలు విరిచినప్పుడు కోపంలో చేశాడనుకున్నా. బెల్టప్పుడూ కోపమే అనుకున్నా. కోపం దిగాక మనిషి వేరేగా ఉంటాడని చెప్పుకున్నా. ఇది కోపంలో చేసింది కాదుగా.”

తర్వాత లేచి మొహం కడుక్కుంది. సంచి తాడు విప్పి, రోలును తనే ఎత్తి వంటింట్లో దాని చోట దించింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. “పద” అంది.

మా బ్లాకుకు రెండు వీధుల అవతలే పోలీసు పోస్టు ఉంది. పిల్లను మాక్‌చిక్ దగ్గర వదిలి ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. లోపల ఒక చిన్న వయసు ఆఫీసరు, ఏం కావాలని అడిగాడు. నేను నోరు తెరిచాను. చెల్లెలు తన చేత్తో నా మోచెయ్యి నొక్కి ఆపింది. కట్టున్న చెయ్యి బల్ల మీద పెట్టింది.

“మొన్న మీవాళ్ళు అడిగితే గాలికి తలుపు పడిందని చెప్పాను. గాలి కాదు. నా భర్త వేశాడు. వేలు అక్కడుందని చూసి వేశాడు” అంది ఇంగ్లీషులో, తడుముకోకుండా.

అతను కుర్చీ చూపించాడు. కంప్యూటరు దగ్గరికి లాక్కుని, భర్త పూర్తి పేరు చెప్పమన్నాడు. పేరు విన్నాడు, అతని చేతులు కీల మీద ఆగిపోయాయి. మన ఇంటిపేర్లూ మన పేర్లూ ఇక్కడివాళ్ళకు నోరు తిరగవు, రాయడానికి అసలే కుదరవు. కాస్త స్పెల్లింగ్ చెబుతారా మేడమ్, నిదానంగా, అన్నాడు.

నా చెల్లెలు చెప్పింది. ఇంటిపేరులో జంటగా వచ్చే అక్షరాలు, నడిమి పేరులో ఎవరూ వేయని ‘హెచ్’, చివర పలకకుండా రాసే ‘ఏ’, ఒక్కోటీ విడివిడిగా, కాగితం చూడకుండా, మధ్యలో ఆగకుండా చెప్పింది. ఆఫీసరు కొట్టి, తెర దానివైపు తిప్పి, సరిగ్గా ఉందా అని అడిగాడు. ఒక్క తప్పు లేదు.